రెండోసారి పాడించిన పాట

నా సర్వీసులో అది ఆఖరి ఏడాది. ఏలూరులోని ఒక సంగీత కళాశాలలో గాత్ర విభాగాధిపతిగా పనిచేస్తున్నాను. ఆ నవంబరులో, ఉపాధ్యాయుల లలిత సంగీత పోటీల తుది విడతకు ప్రధాన న్యాయనిర్ణేతగా వెళ్లమని ప్రిన్సిపాల్ గారి ఉత్తర్వు వచ్చింది. పోటీ తాడేపల్లిగూడెంలో, ఒక కల్యాణ మండపంలో. నిర్వహించేది ఒక ప్రైవేటు సాంస్కృతిక సంస్థ. దాని పేరు, కార్యదర్శి పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయన దాన్ని కూడా ప్రచారం కిందే వాడుకుంటాడు.

ఇలాంటి పోటీలకు ముగ్గురు న్యాయనిర్ణేతలు ఉంటారు. ఆ రోజు నేను, ఉచ్చారణ చూడటానికి తెలుగు పండితులొకరు, హైదరాబాదు నుంచి పిలిపించిన సినిమా గాయకుడొకరు. అభ్యర్థుల పేర్లు మాకు చెప్పరు. నంబర్లతోనే పిలుస్తారు. శ్రుతి, లయ, శారీరం, ఉచ్చారణ, భావం అని ఐదు గడులుంటాయి. మా పరిభాషలో శారీరం అంటే ఒళ్లు కాదు, గొంతుకు పుట్టుకతో ఉన్న గుణం. ఒకరు పాడటం అయిపోగానే మార్కుల కాగితం మడిచి ఇచ్చేయాలి, తర్వాత దిద్దడానికి వీల్లేదు. కరెంటు పోతేనో మైకు చెడిపోతేనో తప్ప ఎవరినీ రెండోసారి పాడించకూడదు. చివరి ఫలితాల మీద ప్రధాన న్యాయనిర్ణేత సంతకం ఉండాలి. ఈ నిబంధనలన్నీ అభ్యర్థిని కాపాడటానికి పెట్టుకున్నవే. వేదిక మీద ఒంటరిగా నిలబడ్డ మనిషికి అంతకు మించిన రక్షణ ఏమీ లేదు.

తుది విడతలో అందరూ ఒకే పాట పాడాలి. పాట మా కళాశాలలోనే స్వరపరిచి ముందుగా పంపాం. రేవులో పడవ కోసం ఎదురుచూసే మనిషి పాట. ‘పొద్దు వాలెను, పడవ రాలేదు’ అని పల్లవి. చరణంలో ‘ఎవరి కోసము దీపమెత్తి దరిని నిలిచెదనో’ అనే పంక్తి దగ్గర గొంతు పై షడ్జానికి, అంటే సరిగమల్లో పై ‘స’కి ఎక్కి, కాసేపు అక్కడ నిలబడి, మెల్లగా కింది స్థాయికి దిగాలి. ఎక్కడం చాలామందికి వస్తుంది. నిలబడటం కొందరికి వస్తుంది. దిగేటప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

మధ్యాహ్నం దాకా పాడిన వాళ్లలో చెప్పుకోదగ్గవారు ఒకరే. పెంటపాడు వైపు నుంచి వచ్చిన సంస్కృతం మాస్టారు. పేరు సూర్యనారాయణ శర్మ గారని తర్వాత తెలిసింది. పౌరోహిత్యం చేసే కుటుంబం. చిన్నప్పటి నుంచి వేదం వల్లించిన గొంతు, మైకు లేకపోయినా మండపం చివరి వరసకు వినపడుతుంది. పై షడ్జాన్ని ఆయన గుడి గంట కొట్టినట్టు అందుకున్నారు. ‘దరిని’ అన్న చోట గొంతు వణికింది, కళ్లు చెమర్చాయి, ఉత్తరీయంతో ముఖం తుడుచుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ వణుకులో శ్రుతి ఒక వెంట్రుకవాసి కిందికి జారింది. నేను దానికి తగ్గట్టే మార్కులు వేశాను. అయినా మంచి పాటే. అందులో బూటకం ఏమీ లేదు.

చివరి నంబరు ముప్పయ్యేళ్లు దాటిన ఒకావిడది. తెల్ల నేత చీర, చేతిలో శ్రుతిపెట్టె. మైకు దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టింది, నవ్వలేదు. శ్రుతిపెట్టె తన గొంతుకు సరిచేసుకుంది. ఆమె పల్లవి ఎత్తుకోగానే నేను కలం కింద పెట్టేశాను.

ఎంత బలమైన గొంతో చెప్పడం కష్టం. చర్చి గాయకబృందంలో చాలా ఏళ్లు పాడిన వాళ్లకు ఊపిరి నడుం దగ్గర నుంచి వస్తుంది. ఆ ఊపిరి ఉంది. దానికి తోడు గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, నేర్చిన గొంతు. ఈ రెండూ ఒకరిలో కుదరడం అరుదు. పల్లవిని ఆమె సగం బలంతోనే పాడింది. ఇంకా ఎంతో ఉందని వినేవాళ్లకు తెలుస్తూనే ఉంది. చరణం దగ్గర పై షడ్జానికి వెళ్లింది. ఏ ఊపూ లేకుండా, దారానికి కట్టిన గుండులా నిటారుగా నిలిపింది. మా నోటేషన్‌లో అక్కడ తెంపి ఊపిరి తీసుకోవాలని ఉంటుంది. ఆమె తెంపలేదు. ఊపిరి ముందే, ‘దీపమెత్తి’కి ముందు, ఎవరికీ వినపడకుండా తీసుకుంది. పై షడ్జం నుంచి స్వరాన్ని సన్నం చేసుకుంటూ, ఒకే ఊపిరిలో ‘దరిని నిలిచెదనో’ అని కింది స్థాయి దాకా దిగింది. అలా పాడితే ఆ వాక్యానికి అర్థమే మారిపోయింది. తెంపి పాడితే అది ప్రశ్న. తెంపకుండా పాడితే జవాబు తెలిసిన మనిషి అడిగే ప్రశ్న.

ముప్పయ్యేళ్లకు పైగా ఆ పని చేసిన దాన్ని. వీపు మీద చన్నీళ్లు పోసినట్టయింది. ఆమె కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. ముఖంలో ఏ మార్పూ లేదు. ఐదు గడుల్లోనూ నిండుగా మార్కులు వేసి కాగితం మడిచి ఇచ్చాను. నా ఉద్యోగంలో అలా వేసింది ఆ ఒక్కసారే.

న్యాయనిర్ణేతలు వేదిక మీద వ్యాఖ్యానం చేయడం మా పద్ధతి కాదు. కానీ కెమెరాలు పెట్టారు కాబట్టి సినిమా గాయకుడి చేతికి మైకు ఇచ్చారు. ఆయన కాలు మీద కాలు వేసుకుని, “అమ్మా, టెక్నిక్ సూపరండీ. వాయిస్‌లో పవర్ ఉంది. కానీ ఫీల్ ఏదమ్మా? మిషన్ పాడినట్టుంది. ఇందాక మాస్టారు చూడండి, కంటతడి పెట్టించారు. పాటంటే గుండెలోంచి రావాలి,” అన్నాడు.

ఆమె తల వంచుకుని, “సరేనండి,” అని వెనక్కి తిరిగింది.

అప్పుడు కార్యదర్శి వేదిక ఎక్కాడు. ఆమెను చెయ్యి చూపించి ఆపాడు. తర్వాత ఆయన అన్న మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

“ఏవండీ, ఒక్క నిమిషం కూర్చోండి. ఈవిడ ఎస్తేరు గారండీ, కొల్లేటి లంకలో టీచరు. ఈవిడ తమ్ముడు, చేతుల మీద పెంచుకున్న తమ్ముడు, రెండు నెలల కిందట చేపల చెరువు దగ్గర ఏరియేటర్ మోటారుకి కరెంటు షాకు కొట్టి చనిపోయాడండీ. ఆ బాధ దిగమింగుకుని మన కోసం వచ్చారు. గట్టిగా చప్పట్లు కొట్టండి! అమ్మా ఎస్తేరు గారూ, జడ్జిగారు ఫీల్ కావాలంటున్నారు. ఈసారి మీ తమ్ముణ్ణి తలుచుకుని పాడండమ్మా!”

చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రమే ఏరియేటర్. కొల్లేటి చుట్టుపక్కల దాని తీగల వల్ల జరిగే చావులు పేపర్లో మూలన రెండు వరుసల్లో వస్తాయి. ఆ రోజు అలాంటి ఒక చావుకు మైకులో చప్పట్లు అడిగారు. జనం కొట్టారు.

నేను లేచాను. అక్కడి నుంచే, రెండోసారి పాడించడం నిబంధనలకు విరుద్ధమని, అభ్యర్థి పేరు చెప్పడమే తప్పని అన్నాను. కార్యదర్శి మైకును చేత్తో మూసి, “మేడంగారూ, జనం అడుగుతున్నారండీ, మీరు కాస్త సహకరించండి,” అన్నాడు. సహకరించమంటే నోరు మూసుకోమని అర్థం. మన గోదావరి వైపు ఎంత దారుణమైన మాటకైనా చివర ‘అండీ’ ఉంటుంది.

వేదిక ఎక్కి ఆమె పక్కన నిలబడ్డాను. “అమ్మా, మీరు పాడనక్కర్లేదు. మీ మార్కులు వేసేశాం. దిగిపోండి,” అని చెప్పాను.

ఆమె నా వైపు చూడలేదు. హాల్లో లేచి నిలబడ్డ జనాన్ని, పైకెత్తిన ఫోన్లను చూస్తోంది. “పాడకపోతే వదల్రండి,” అంది.

పాడింది. పల్లవి ఒకసారి ఎలాగో నెగ్గింది. అదే పల్లవి మళ్లీ అందుకుని ‘పడవ రాలేదు’ అన్న చోట గొంతు పట్టేసింది.

ఇది చదివేవాళ్ల కోసం ఒక విషయం చెప్పాలి. ఏడుపు వచ్చేటప్పుడు కంఠం పైకి లేస్తుంది, స్వరతంత్రులు బిగుసుకుంటాయి, ఊపిరి ముక్కలవుతుంది. పాడాలంటే కంఠం కిందికి ఉండాలి, ఊపిరి ఒకే ధారగా రావాలి. రెండూ ఒకే గొంతులో ఒకేసారి ఇమడవు. బలమైన గొంతు గలవాళ్లు ఆ స్థితిలో తోసుకుంటూ పాడితే తంత్రులకు దెబ్బ కూడా తగులుతుంది. ఆమె తోసింది. శ్రుతి ఎటో పోయింది. పై షడ్జం దాకా రాకుండానే ఆగిపోయి, రెండు చేతులతో ముఖం కప్పుకుని వేదిక దిగింది.

హాలంతా నిలబడి చప్పట్లు. సినిమా గాయకుడు కెమెరా వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటూ, “ఇదీ పాటంటే!” అన్నాడు.

నాకు ఆ చప్పట్లు వింటే ఒంటికి కారం రాసినట్టుంది. ఒక మనిషిని బజారులో నిలబెట్టి కొట్టి, ఆమె అరిస్తే శ్రావ్యంగా ఉందని మెచ్చుకోవడం అది. ఆ మెచ్చుకున్నవాళ్లలో సగం మంది టీచర్లు.

ఫలితాలు రాసే గదిలో గొడవ మొదలైంది. మొదటి కాగితాల లెక్క ప్రకారం శర్మ గారు ప్రథమం, ఎస్తేరు గారు ద్వితీయం. సినిమా గాయకుడు భావం గడిలో ఆమెకు దాదాపు ఏమీ ఇవ్వలేదు. ఇప్పుడు కొత్త కాగితం తెచ్చి, రెండోసారి పాడినదానికి నిండుగా మార్కులు వేసి, ఆమెకు ప్రథమ బహుమతి ఇవ్వాలన్నాడు. తెలుగు పండితులు కళ్లజోడు తుడుచుకుంటూ, “పాపం, ఇస్తే ఏం పోయిందండీ,” అన్నారు.

నేను కొత్త కాగితం మీద సంతకం పెట్టనన్నాను.

“మీకు ఆవిడ పాట నచ్చలేదా?” అని గాయకుడు అడిగాడు.

“నచ్చింది. మీరు మిషన్ అన్న పాట నచ్చింది. ఆ షడ్జం అలా నిలపాలంటే ఎంత దుఃఖాన్ని కింద పెట్టి తొక్కాలో మీకు తెలుసా? ఇన్నేళ్లు పాడారు కదా, మీ చెవికి ఏమీ వినపడలేదా? ఆవిడ మనకు పాట ఇచ్చింది. మీరు ఏడుపు అడిగారు.”

“జనానికి కావల్సింది అదేనండీ.”

“అయితే జనాన్నే మార్కులు వేయమనండి. నన్నెందుకు పిలిచారు?”

నేను పట్టుబట్టితే నష్టపోయేది ఎస్తేరు గారేనని నాకు తెలుసు. నా కాగితం ప్రకారం ఆమెదే ప్రథమ స్థానం. నిబంధన ప్రకారం ఆమెది ద్వితీయం. నిబంధన తప్పిస్తే మళ్లీ ప్రథమం, కానీ పాడలేకపోయిన పాటకు. ఆ బహుమతి ఆమె ఇంట్లో అల్మారాలో ఉంటే చూసినప్పుడల్లా ఏం గుర్తొస్తుందో ఆలోచించాను. ద్వితీయమే ఇవ్వండి, మొదటి పాటకే ఇవ్వండి అన్నాను. కార్యదర్శి నా చేతిలోంచి కాగితం తీసుకుని, నా సంతకం లేకుండానే వెళ్లి, ఆమె పేరు ప్రథమ బహుమతికి చదివాడు.

ఎవరూ రాలేదు. మూడుసార్లు పిలిచారు. ఆమె అప్పటికే వెళ్లిపోయింది.

ఆర్టీసీ బస్టాండులో గణపవరం బస్సు ఆగేచోట కనిపించింది. బెంచీ మీద శ్రుతిపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన కూర్చున్నాను. ఏడవడం లేదు. దవడ బిగించి ఉంది.

“నాకిచ్చారాండీ?” అని అడిగింది. ఇచ్చారని చెప్పాను.

“అనుకున్నానండి. నేను పాడలేదండి అక్కడ. ఏడ్చాను. ఏడ్చినందుకు ఇచ్చారు.” శ్రుతిపెట్టె ఒళ్లో సర్దుకుని, “కార్యదర్శి గారికి తమ్ముడి సంగతి చెప్పింది నేనేనండి. అమ్మ ఇంట్లో ఒక్కతే ఉంటుంది, నన్ను ముందు పిలవండని పొద్దున్నే అడిగాను. ఎందుకని అడిగితే చెప్పాను. చివర్లో పిలిచాడండి,” అంది.

అప్పటిదాకా నాకు తెలియని సంగతి అది. పొద్దుటి నుంచి అతను ఈ ఘట్టాన్ని చివరికి దాచిపెట్టుకున్నాడు. పాడే వరస లాటరీ తీసి నిర్ణయించామని మాకు చెప్పాడు.

అలాంటి పాటకు, ఆ పరిస్థితిలో ఎందుకొచ్చారని అడిగాను. ఆమెకు ఆ ప్రశ్నే వింతగా తోచినట్టుంది.

“ఏ పనీ సరిగ్గా అవడం లేదండి. అన్నం మాడిపోద్ది. బళ్లో బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆగిపోతాను. చర్చిలో పాడమంటే నోరు రావట్లేదు. ఒక్కటైనా మొదట్నుంచి చివరిదాకా తప్పు లేకుండా చెయ్యాలనుకున్నానండి. ఆ ‘దరిని’ దగ్గర రోజూ గొంతు పట్టేసేది. తెంపితే ఏడుపొచ్చేస్తందని తెంపకుండా పాడ్డం నేర్చుకున్నాను. ఇవాళ వచ్చింది.” గొంతు బొంగురుపోయింది. “మేడంగారూ, మొదటిసారి పాడింది ఎవరైనా విన్నారాండీ?”

“నేను విన్నాను. ‘దీపమెత్తి’ ముందు ఊపిరి తీసుకున్నారు. మా నోటేషన్‌లో లేదది.”

ఆమె మొదటిసారి నా ముఖంలోకి చూసింది. “వాడి గురించి పాడాల్సిందంతా అందులోనే పాడేశానండి,” అంది. బస్సు వచ్చింది. ఎక్కే ముందు, రెండు మూడు వారాలు గట్టిగా మాట్లాడొద్దని, గొంతు బాగుపడకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోమని చెప్పాను. అంతకంటే నాకు అధికారం ఉన్న విషయం ఇంకోటి లేదు.

ఆ రెండోసారి పాడిన వీడియో ముక్క మర్నాటికల్లా అందరి ఫోన్లలోకీ వెళ్లింది. ‘కన్నీరు పెట్టించిన టీచరమ్మ’ అని దానికి పేరు. మొదటిసారి పాడినది ఎవరూ పెట్టలేదు. నేను కార్యదర్శికి ఫోన్ చేసి తీసేయమన్నాను. “ఆవిడకి పేరొచ్చింది కదండీ,” అన్నాడు. ఫిర్యాదు రాసి ప్రిన్సిపాల్ గారి ద్వారా పంపాను. భవిష్యత్తులో పరిశీలిస్తామని జవాబు వచ్చింది.

అనుకోని సాయం శర్మ గారి నుంచి వచ్చింది. ఏలూరు వచ్చి, మా స్టాఫ్ రూములో కూర్చుని, “ఏవండీ మేడంగారూ, నాకు ఆ చరణం దగ్గర కళ్లు వాటంతటవే చెమరుస్తాయి. నటన కాదండీ. కానీ నా కన్నీళ్లు చూపించి ఆవిణ్ణి తిట్టారు. అది నాకు నిద్ర పట్టనివ్వడం లేదు,” అన్నారు. ఆయన పౌరోహిత్యం చేసే ఇళ్లలో ఆ సంస్థకు పెద్దలైన వాళ్లవీ ఉన్నాయి. ఒక్కో ఇంటికీ స్వయంగా వెళ్లారు. ఆ ముక్క తీసేయకపోతే మీ ఇంట శుభకార్యానికి రానని మర్యాదగానే చెప్పారట. పది రోజుల్లో సంస్థ దాన్ని తీసేసింది. అప్పటికే ఇతరులు దాచుకున్నవి అలాగే తిరుగుతున్నాయి. ఈ మధ్య కూడా ఒకరు నాకు పంపి, “ఎంత భావం చూడండి మేడం,” అన్నారు. వెంటనే తీసేశాను.

ఎస్తేరు గారి గొంతు బాగుపడటానికి నాలుగు నెలలు పట్టింది. తర్వాత ఆదివారాలు చర్చిలో పాడుతున్నారు. ఆ ప్రథమ బహుమతి కప్పు తీసుకోలేదు, పోటీలకు మళ్లీ రాలేదు. ఆ ఏడుపు పాట పాడమని సభలకు పిలిస్తే ఫోన్ పెట్టేస్తారు. దీనికి నేను ఎవరినీ క్షమించలేదు. క్షమించాల్సిన అవసరం కూడా నాకు కనపడలేదు.

రిటైరయ్యాక కూడా నన్ను పోటీలకు పిలుస్తున్నారు. ఒక షరతు మీద వెళ్తున్నాను. మార్కుల కాగితంలో భావానికి విడిగా గడి ఉండకూడదు. పాటలో భావం ఉంటే అది శ్రుతిలో, లయలో, ఊపిరి ఎక్కడ తీసుకున్నారన్న దాంట్లో వినపడుతుంది. అక్కడ వినపడనిదానికి మార్కులు వేయాలంటే ముఖం చూసి వేయాలి, లేదా ఇంట్లో ఎవరు చనిపోయారో అడిగి వేయాలి. ఈ షరతు విని రెండు సంస్థలు నన్ను పిలవడం మానేశాయి. మిగతావాళ్లు ఆ గడి కొట్టేసి కాగితం పంపుతున్నారు.